ఖల్లివెల్లి చిక్కు: గల్ఫ్‌లో కాగితాలు లేని మనిషికి వైద్యం, న్యాయం ఎంతవరకు అందుతాయి?

గల్ఫ్‌లో ఆమ్నెస్టీ (కాగితాలు లేనివాళ్లకు అక్కడి ప్రభుత్వం కొన్నాళ్లపాటు ఇచ్చే క్షమాభిక్ష) అన్న మాట వినపడితే చాలు, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు వాట్సాప్ గ్రూపులు తెల్లారేదాకా మోగుతూనే ఉంటాయి. కడప, కోనసీమల్లోనూ అంతే. "మా బావ ఖల్లివెల్లి అయి మూడేండ్లు, ఇప్పుడు రావచ్చా?" "ఔట్‌పాస్ తీసుకుంటే ఫైన్ ఉండదట కదా?" "బతాకా లేకుండా హాస్పిటల్‌కు పోతే పోలీసులకు పట్టిస్తరా?" ప్రశ్నలన్నీ నిజమైనవే. జవాబులే సగం సగం. వీసా, వైద్యం, కోర్టు, ఎంబసీ దేని లెక్క దానిదే కాబట్టి ఒకదానికి చెప్పిన జవాబు ఇంకొకదానికి అతకదు.

మన టీవీల్లో పత్రాలు లేని వలసదారుల చర్చ అంటే ఎక్కువగా అమెరికాదే. 2025 ఫిబ్రవరిలో 104 మంది భారతీయులను మిలిటరీ విమానంలో అమృత్‌సర్‌లో దించినప్పటి నుంచి అది మరీ ఎక్కువైంది. ఆ కళ్లద్దాలతోనే గల్ఫ్‌ను చూస్తే మొదట్లోనే దారి తప్పుతాం. అమెరికాలో కాగితాలు లేని మనిషి లాయర్‌ను పెట్టుకునేది అక్కడ ఉండిపోవడానికి. గల్ఫ్‌లో ఖల్లివెల్లి అయినవాళ్లలో చాలామంది కోరేది ఇంటికి పోవడం. ఆ పోవడానికే ఫైన్లు, కేసులు, వేలిముద్రలు, కఫీల్ (యజమాని) సంతకాలు అడ్డం పడతాయి. అక్కడి వైద్యం గురించి, న్యాయసాయం గురించి ఏం మాట్లాడినా ఈ తేడా దగ్గర మొదలుపెట్టాలి.

ఒకే మాట, నాలుగు రకాల మనుషులు

ఖల్లివెల్లి అరబ్బీ మాట. "పోనీ, వదిలెయ్" అన్నట్టు వాడతారు. మన ఊళ్లకు వచ్చేసరికి అది మనిషికి పేరైపోయింది. కఫీల్‌ను వదిలేసి బయట ఎక్కడో పని చేసుకుంటున్నవాడు ఖల్లివెల్లి.

కఫీల్ అంటే ఆ మనిషిని దేశంలోకి పిలిపించుకున్న యజమాని లేదా కంపెనీ. గల్ఫ్ దేశాల్లో విదేశీ కార్మికుడి నివాస హక్కు ఈ కఫీల్ మీద ఆధారపడి ఉంటుంది. దాన్నే కఫాలా పద్ధతి అంటారు. ఆ హక్కుకు గుర్తుగా ఇచ్చే కార్డుకు మనవాళ్లు సౌదీలో అకామా అనీ, దుబాయ్‌లో బతాకా అనీ, కువైత్‌లో సివిల్ ఐడీ అనీ అంటారు. ఫోన్ సిమ్, బ్యాంక్, హాస్పిటల్, ఇంటి అద్దె, అన్నిటికీ అదే తాళంచెవి.

ఆ తాళంచెవి పోయే దారులు చాలా ఉన్నాయి. కంపెనీ అకామా రెన్యూవల్ చేయించకపోతే పనివాడు తన తప్పేమీ లేకుండానే అక్రమ నివాసి అయిపోతాడు. జీతం ఇవ్వడం లేదనో, కొడుతున్నారనో బయటికి వచ్చేసినవాడి మీద కఫీల్ "పారిపోయాడు" అని ఫిర్యాదు పెడతాడు. సౌదీలో దాని పేరు హురూబ్. విజిట్ వీసా మీద వెళ్లి గడువు దాటినా ఉండిపోయినవాళ్లు ఇంకో రకం. ఇక ఆజాద్ వీసావాళ్లు. వీళ్ల చేతిలో చెల్లే కార్డే ఉంటుంది. కానీ కార్డులో ఉన్న కఫీల్ దగ్గర కాకుండా వేరేచోట పని చేస్తుంటారు. కార్డు సక్రమం, పని అక్రమం. తనిఖీలో దొరికేదాకా తాను కూడా చట్టం దాటిన మనిషినే అని వీళ్లలో చాలామందికి తట్టదు.

ఊళ్లో అందరినీ ఖల్లివెల్లి అనే ఒక్క మాటతో పిలుస్తాం. అక్కడి కంప్యూటర్‌లో మాత్రం ఒక్కొక్కరి పేరు పక్కన ఒక్కో రాత ఉంటుంది. ఫైన్ ఎంత, మళ్లీ రావచ్చా, లేబర్ కోర్టుకు పోవచ్చా అన్నది ఆ రాతను బట్టే.

అకామా ఎందుకు కట్టరు

"కంపెనీ మోసం చేసింది" అని తరచూ వింటాం. అందులో నిజం ఉంది కానీ, దాని వెనక ఒక లెక్క కూడా ఉంది. సౌదీలో 2020 నుంచి ఒక్కో విదేశీ కార్మికుడి మీద కంపెనీ ప్రభుత్వానికి నెలకు 700 నుంచి 800 రియాళ్ల లెవీ (రుసుము) కట్టాలి. 800 చొప్పున ఏడాదికి 9,600. దానికి అకామా ఫీజు, హెల్త్ ఇన్సూరెన్స్ కలిపితే పది వేల రియాళ్లు దాటుతుంది. అదే మనిషికి జీతం నెలకు 1,200 రియాళ్లు అనుకుంటే, ఏడాది జీతం 14,400. జీతంలో మూడింట రెండు వంతులంత డబ్బు ఒక్క కార్డు కోసం. కొన్ని పరిశ్రమలకు, చిన్న వ్యాపారాలకు మినహాయింపులు ఉన్నాయి. అవి లేని చిన్న కాంట్రాక్టరు చేతిలో పనులు ఆగిపోగానే మొదట ఆపేది అకామాలే. ఆజాద్ వీసా అయితే ఈ భారమంతా కార్మికుడి నెత్తినే పడుతుంది.

చట్టాలు మారలేదని కాదు. సౌదీ 2021 మార్చి నుంచి, ఏడాది పని పూర్తయ్యాక కఫీల్ అనుమతి లేకుండా కంపెనీ మారే వీలు కల్పించింది. ఎగ్జిట్, అంటే దేశం వదిలే అనుమతి కూడా సొంతంగా పెట్టుకోవచ్చు. కానీ ఇంటి పనివాళ్లు, ఇంటి డ్రైవర్లు, తోటల్లో పనిచేసేవాళ్లు, గొర్రెలు ఒంటెలు కాసేవాళ్లు ఆ సంస్కరణలోకి రారు. ఎడారిలో మంద వెంట ఒంటరిగా తిరిగే మనవాడికే ఆ అవసరం ఎక్కువ, అతనికే అది అందలేదు. 2022 అక్టోబర్‌లో హురూబ్ పద్ధతినీ కొంత సడలించారు. ఫిర్యాదు రాగానే పారిపోయినవాడిగా ముద్ర వేయకుండా "పనికి రావడం లేదు" అని రాసి, కంపెనీ మారడానికో దేశం వదలడానికో 60 రోజులు ఇస్తున్నారు. ఖతార్ 2018, 2020 సంవత్సరాల్లో రెండు దఫాలుగా ఎగ్జిట్ పర్మిట్‌ను దాదాపు తీసేసింది. కువైత్ ఎదురు దిక్కుకు నడిచింది. 2025 జూలై నుంచి ప్రైవేటు రంగ విదేశీ కార్మికులు దేశం దాటాలంటే యజమాని ఆమోదంతో ఎగ్జిట్ పర్మిట్ తప్పనిసరి చేసింది.

బహ్రెయిన్‌ది వేరే కథ. 2017లో ఫ్లెక్సీ పర్మిట్ తెచ్చింది. కాగితాలు పోయిన కార్మికుడు ఫీజు కట్టి, కఫీల్ లేకుండా తనకు తానే పూచీగా ఉండి పని చేసుకునే ఏర్పాటు అది. గల్ఫ్‌లో అలాంటిది అంతకు ముందు లేదు. స్థానిక వ్యాపారుల నుంచి గట్టి వ్యతిరేకత వచ్చింది. 2022లో దాన్ని ఆపేసి వేరే రిజిస్ట్రేషన్ పద్ధతి పెట్టారు.

ఎమర్జెన్సీ వార్డు దాకా సరే

ఇప్పుడు వైద్యం. ఇక్కడ చట్టం ఒక మాట చెబుతుంది, రిసెప్షన్ కౌంటర్ ఇంకో మాట చెబుతుంది.

ప్రాణాపాయంలో ఉన్న మనిషికి వైద్యం నిరాకరించకూడదని గల్ఫ్ చట్టాల్లోనూ ఉంది. యూఏఈలో 2016 నాటి వైద్య బాధ్యత చట్టం ప్రకారం అత్యవసర కేసును డాక్టర్ కాదనడానికి లేదు. కాబట్టి "కార్డు లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు" అనే మాట పూర్తి నిజం కాదు. కుప్పకూలిన మనిషిని తీసుకెళ్తే చూస్తారు.

చిక్కు ఆ తర్వాత వస్తుంది. ఊపిరి నిలబడ్డాక చేసే చికిత్సకు డబ్బో, ఇన్సూరెన్సో ఉండాలి. గల్ఫ్‌లో ఆరోగ్య బీమా అకామాకు కట్టిన తోకలాంటిది. 2025 జనవరి నుంచి యూఏఈ అంతటా ప్రైవేటు ఉద్యోగులకు బీమా తప్పనిసరి అయింది, మంచిదే. కానీ ఆ బీమా లేకుండా వీసా ఇవ్వరు, వీసా లేకుండా ఆ బీమా ఉండదు. అకామా గడువు తీరిన రోజే రెండూ కలిసి పోతాయి.

షుగర్ ఎమర్జెన్సీ కాదు. మందు లేక షుగర్ ముదిరి కాలు కుళ్లితే అది ఎమర్జెన్సీ. బీపీ ఎమర్జెన్సీ కాదు, పక్షవాతం ఎమర్జెన్సీ. అంటే ఖల్లివెల్లి మనిషికి చట్టప్రకారం వైద్యం గ్యారంటీగా దొరికే సమయానికి జబ్బు చేయిదాటి ఉంటుంది. ఈలోగా నగదు తీసుకుని చూసే చిన్న క్లినిక్‌లు, మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే గోళీలు, ఊరి నుంచి వచ్చేవాళ్లతో తెప్పించుకునే మందులు. ఈ చివరిదాంట్లో ఇంకో గుంట ఉంది. మన దగ్గర నొప్పికి మామూలుగా రాసే ట్రమడాల్, దగ్గు మందుల్లో ఉండే కోడీన్ అక్కడ నియంత్రిత మందులు. పక్కింటివాళ్లు ఇచ్చిన పార్శిల్‌లో అవి ఉంటే మోసుకెళ్లినవాడు జైలుకు పోతాడు.

విచిత్రం ఏమిటంటే, అమెరికాలోనూ గీత ఇంచుమించు ఇక్కడే ఉంది. 1986 నాటి ఎంటాలా అనే చట్టం ప్రకారం ఎమర్జెన్సీ విభాగం ఉన్న హాస్పిటళ్లు, వచ్చిన మనిషి ఏ వీసా మీద ఉన్నాడో, డబ్బు కట్టగలడో లేదో చూడకుండా పరీక్షించి ప్రాణం నిలబెట్టాలి. తేడా మధ్య మెట్టులో ఉంది. అక్కడ కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు దశాబ్దాలుగా స్టేటస్ అడగకుండా, ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకుని షుగర్‌కూ బీపీకీ మందు ఇస్తున్నాయి. 2025లో ఆ పద్ధతి మీద కూడా గొడవ మొదలైంది. గల్ఫ్‌లో ఆ మెట్టు దాదాపు లేదు. ఉన్నది ఎమర్జెన్సీ, ఆ వెంటనే బిల్లు.

ఉదాహరణకు మల్లయ్య అనే మనిషి ఉన్నాడనుకుందాం. రియాద్‌లో తాపీ పని. రెండేళ్ల కింద కంపెనీ మూతపడింది, అకామా పోయింది. ఒక రాత్రి గుండెపోటు. రూమ్మేట్లు హాస్పిటల్ ఎమర్జెన్సీలో వదిలి వెళ్తారు, ఎందుకంటే వాళ్లలోనూ ఇద్దరికి కార్డు లేదు. డాక్టర్లు ప్రాణం నిలబెడతారు. మూడో రోజు నుంచి బిల్లు ఎవరి పేరు మీద రాయాలన్న ప్రశ్న. కంపెనీ లేదు, బీమా లేదు. ఎంబసీకి కబురు వెళ్తుంది. ఇంటికి పంపాలంటే పడుకోబెట్టి పంపాలి. విమానంలో స్ట్రెచర్ అంటే కొన్ని సీట్లు తీసేయాలి, వెంట నర్సు ఉండాలి, ఎయిర్‌లైన్ డాక్టర్ ఒప్పుకోవాలి. ఖర్చు లక్షల్లో. ఇదంతా అయ్యాక కూడా, అకామా లేని మనిషికి ఎగ్జిట్ ముద్ర వేయించే పని విడిగా ఉంటుంది. గుండె డాక్టర్ పంపించమంటాడు, జవాజాత్ (పాస్‌పోర్టు, ఇమిగ్రేషన్ ఆఫీసు) కాగితం రాదు. మల్లయ్య కల్పితం. ఈ వరస మాత్రం గల్ఫ్‌లో సాయం చేసే తెలుగు వాలంటీర్లకు కొట్టినపిండి.

బిల్లులు మాఫీ అవ్వవా? అవుతాయి, కానీ హక్కుగా కాదు. 2020లో కోవిడ్‌తో దుబాయ్‌లో దాదాపు 80 రోజులు హాస్పిటల్‌లో ఉన్న తెలంగాణ కార్మికుడొకరికి 7.6 లక్షల దిర్హమ్‌ల బిల్లు అయింది. కాన్సులేట్, వాలంటీర్లు అడిగితే హాస్పిటల్ మొత్తం మాఫీ చేసింది. అదే ఏడాది మార్చి చివర్లో సౌదీ రాజు సల్మాన్ దేశంలో ఉన్న ప్రతి ఒక్కరికీ, నివాస నిబంధనలు ఉల్లంఘించినవాళ్లతో సహా, కోవిడ్ చికిత్స ఉచితం అని ఆదేశించారు. అంటువ్యాధి ముందు కార్డు ఉన్నవాడు, లేనివాడు అనే గోడ పనికిరాదని అక్కడి ప్రభుత్వానికీ అర్థమైంది. గుండెపోటు అంటుకోదు కాబట్టి దానికి ఆ ఆదేశం వర్తించదు.

275 రూపాయల పాలసీ, చేతిలో లేని పాలసీ

మన దేశం వైపు నుంచి ఉన్న రక్షణ గురించి కూడా అపోహలు తక్కువేం కాదు. ముఖ్యంగా రెండు ఏర్పాట్లు ఉన్నాయి.

మొదటిది ప్రవాసీ భారతీయ బీమా యోజన. పదో తరగతి పాసవని వాళ్లకు సాధారణంగా ఇచ్చే ఈసీఆర్ పాస్‌పోర్టుతో, గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి వెళ్లేవాళ్లు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. అప్పుడు ఈ పాలసీ తప్పనిసరి. 2017 సవరణ ప్రకారం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375, పైన పన్ను. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు. వైద్యానికి లక్ష వరకు, ఉద్యోగానికి సంబంధించిన కోర్టు ఖర్చులకు 45 వేల వరకు ఉంది. కంపెనీ మారినా పాలసీ చెల్లుతుంది, ఈ సంగతి చాలామందికి తెలియదు.

ఇంత చవకైన పాలసీ ఖల్లివెల్లికి ఎందుకు అక్కరకు రాదు? విజిట్ వీసా మీద వెళ్లినవాడు క్లియరెన్స్ తీసుకోలేదు, కాబట్టి పాలసీ మొదటి నుంచే లేదు. క్లియరెన్స్‌తో వెళ్లినవాడిది మూడేళ్లకే అయిపోయింది. ఆన్‌లైన్‌లో రెన్యూవల్ చేసుకోవచ్చని ఎవరూ చెప్పలేదు. అన్నిటికంటే ముఖ్యం, పది లక్షలు ప్రమాద మరణానికి మాత్రమే. గల్ఫ్ నుంచి ఊళ్లకు వచ్చే శవపేటికల్లో చాలావాటి వెంట వచ్చే కాగితంలో రాసి ఉండే కారణం గుండె ఆగిపోవడం. అది ప్రమాదం కిందికి రాదు.

రెండోది ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్, పొట్టిగా ఐసీడబ్ల్యూఎఫ్. 2009లో పెట్టారు. ఎంబసీల్లో పాస్‌పోర్టు లాంటి సేవలకు వెళ్లినప్పుడు ఫీజుతో పాటు కొంత సొమ్ము ఈ నిధికి తీసుకుంటారు. అంటే ఇది ప్రవాసులు తమ జేబులోంచి కట్టుకున్న డబ్బే. తిండి, తాత్కాలిక బస, టికెట్, అత్యవసర వైద్యం, లాయర్ ఖర్చు, చిన్న నేరాల జరిమానాలు, శవాన్ని పంపించడం, వీటన్నిటికీ వాడొచ్చు. పత్రాలు లేని కార్మికులకు కూడా వర్తిస్తుంది. కాకపోతే "నాకు రావాలి" అని గట్టిగా అడిగే హక్కు కాదు. ఆర్థిక స్థితి చూసి, అర్హుడని అనిపిస్తే ఎంబసీ ఇస్తుంది. ఒకే రకమైన రెండు కేసుల్లో ఒకరికి టికెట్ దొరికి, ఇంకొకరికి "మీ కుటుంబం కట్టుకోవాలి" అనే జవాబు రావడం ఇందువల్లే. ఎంబసీలో పలుకుబడి ఉందా లేదా అని మనవాళ్లు అనుమానపడటమూ ఇందువల్లే.

ఔట్‌పాస్ ఉన్నా విమానం ఎందుకు ఎక్కనివ్వరు

అయోమయం అన్నిటికంటే ఎక్కువ ఇక్కడే. ఔట్‌పాస్ అని మనం పిలిచేది మన ఎంబసీ ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర ఉండిపోయిన మనిషి, లేదా పోగొట్టుకున్న మనిషి భారతీయుడే అని, ఒక్కసారి ఇండియాకు రావచ్చని అది చెబుతుంది. అంతే. మన దేశంలోకి రానిచ్చే కాగితమే తప్ప ఆ దేశం నుంచి పోనిచ్చే కాగితం కాదు.

పోనిచ్చేది ఆ దేశపు ఇమిగ్రేషన్. వాళ్లు వేలిముద్రలు తీసుకుని చూస్తారు. నివాస ఉల్లంఘన ఒక్కటే ఉంటే ఫైన్ కట్టాలి, లేదా ఆమ్నెస్టీ ఉంటే మాఫీ అవుతుంది. కఫీల్ పెట్టిన దొంగతనం కేసు, క్రెడిట్ కార్డు బాకీ, కారు ప్రమాదం తాలూకు కేసు ఉంటే అది పోలీసు లేదా కోర్టు వ్యవహారం. ఆమ్నెస్టీ దాన్ని తాకదు. ఎంబసీ ముందు ఔట్‌పాస్ చేతికి వచ్చిన సంతోషంలో లగేజీ కట్టుకుని, ఎయిర్‌పోర్టులో ట్రావెల్ బ్యాన్ ఉందని తెలుసుకున్నవాళ్లు ప్రతి ఆమ్నెస్టీలోనూ ఉంటారు.

ఫైన్ లెక్క ఎలా పెరుగుతుందో చూడండి. రమేష్ అనే కుర్రాడు విజిట్ వీసా మీద దుబాయ్ వెళ్లి, గడువు దాటాక 14 నెలలు ఉండిపోయాడనుకుందాం. రోజుకు 50 దిర్హమ్‌లు. 425 రోజులకు 21,250 దిర్హమ్‌లు, మన లెక్కలో దాదాపు 5 లక్షల రూపాయలు. దొంగచాటుగా చేసే పనిలో అతనికి నెలకు 1,200 వస్తుంటే, ఫైన్ నెలకు 1,500 చొప్పున పెరుగుతోంది. ఎంత కష్టపడినా బయటపడటానికి కావాల్సిన సొమ్ము రోజురోజుకీ దూరమవుతుంది. ఇలాంటివాడికి ఆమ్నెస్టీ ఒక్కటే ద్వారం. యూఏఈలో 2018 ఆగస్టులో, మళ్లీ 2024 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ చివరిదాకా అది తెరిచారు. కువైత్ 2018లో, 2020లో, 2024 మార్చి నుంచి జూన్ చివరి వరకు తెరిచింది. సౌదీ 2013లో, 2017లో. రెండు ఆమ్నెస్టీల మధ్య ఏళ్లు గడుస్తాయి, ఎప్పుడొస్తుందో ముందే తెలియదు.

ఆమ్నెస్టీలో వెళ్లినవాడికీ దొరికిపోయి వెళ్లినవాడికీ తేడా ఉంది. 2024 యూఏఈ ఆమ్నెస్టీలో వెళ్లినవాళ్ల మీద మళ్లీ రాకుండా నిషేధం పెట్టలేదు. తనిఖీలో పట్టుబడి తర్హీల్, అంటే డిపోర్టేషన్ సెంటర్ మీదుగా వెళ్తే వేలిముద్రల మీద నిషేధం పడే అవకాశం ఎక్కువ. అందుకే "పట్టుబడితే ఖర్చు లేకుండా వాళ్లే పంపిస్తారు" అని రూముల్లో చెప్పుకునే చిట్కా వినడానికి ఉన్నంత తేలిక కాదు.

కువైత్ ఇళ్లలో పనిచేసే మన ఆడవాళ్లు

కడప, అన్నమయ్య, కోనసీమ జిల్లాల నుంచి వెళ్లిన ఆడవాళ్లకు ఇదంతా ఇంకో మలుపు తిరుగుతుంది. ఇంటి పని వీసాను అక్కడ ఖాదిమ్ వీసా అంటారు. అది కార్మిక చట్టం కిందికి రాదు. కువైత్ 2015లో విడిగా చట్టం చేసింది, వారానికి ఒక సెలవు, ఆ తర్వాత నెలకు 60 దినార్ల కనీస జీతం పెట్టింది. గల్ఫ్‌లో అది ముందడుగే. కానీ ఇల్లు ఫ్యాక్టరీ కాదు, తనిఖీకి ఎవరూ తలుపు తట్టరు.

మన ప్రభుత్వం 30 ఏళ్లు నిండని ఆడవాళ్లను ఈసీఆర్ పాస్‌పోర్టు మీద ఇంటి పనికి పంపదు. 2016 నుంచి ప్రభుత్వ ఏజెన్సీల ద్వారానే వెళ్లాలంది. రక్షణ కోసం పెట్టిన నియమాలే ఇవి. ఏజెంట్లు దాన్ని తప్పించి విజిట్ వీసా మీద, వేరే దేశం మీదుగా పంపడం మొదలుపెట్టారు. అలా వెళ్లిన ఆమె పేరు మన రికార్డుల్లోనే ఉండదు.

ఇంటి నుంచి పారిపోయి వచ్చిన లక్ష్మి ఎంబసీ షెల్టర్‌కు చేరిందనుకుందాం. అక్కడి ప్రభుత్వం 2014లో పెట్టిన షెల్టర్ కూడా ఉంది. కఫీల్ పారిపోయిందని కేసు పెట్టి, బంగారం పోయిందని ఇంకోటి కలిపాడు. మొదటిది మాట్లాడి తీసేయించవచ్చు. రెండోది క్రిమినల్ కేసు, తేలేదాకా ఆమె కదలలేదు. ఇలాంటి చోటే ఐసీడబ్ల్యూఎఫ్ డబ్బుతో పెట్టే లాయర్ పనికొస్తాడు. అరబ్బీ రాని మనిషికి లాయర్ కన్నా ముందు దుబాసీ కావాలి, అది వేరే సంగతి.

కార్డు లేని ఆడమనిషికి ప్రసవం ఇంకా పెద్ద గండం. హాస్పిటల్ పెళ్లి సర్టిఫికెట్ అడుగుతుంది. పెళ్లి కాకుండా బిడ్డ పుట్టడం చాలా గల్ఫ్ దేశాల్లో నేరం. యూఏఈ 2022లో అమల్లోకి వచ్చిన చట్టంతో షరతుల మీద దాన్ని సడలించింది. పెళ్లి కాగితం లేకపోతే బిడ్డకు జనన ధ్రువపత్రం కష్టం, అది లేకపోతే పాస్‌పోర్టు లేదు. తల్లికి ఔట్‌పాస్ వచ్చినా బిడ్డకు రాక ఆగిపోయే కేసులు ఇలా పుడతాయి.

ఎవరి వాదన ఏమిటి

గల్ఫ్ ప్రభుత్వాల వైపు నుంచి చూస్తే వాళ్ల లెక్క వాళ్లకుంది. యూఏఈ, ఖతార్ జనాభాలో పదిమందిలో దాదాపు తొమ్మిది మంది బయటివాళ్లు. పిలిపించుకున్న యజమానే వైద్యానికీ టికెట్‌కీ బాధ్యుడని చట్టం చేశారు. కాగితాలు లేనివాళ్లకు ఉచిత వైద్యం మొదలుపెడితే ఆ బాధ్యత యజమాని నుంచి జారిపోతుందనీ, అక్రమంగా ఉండిపోయేవాళ్లు పెరుగుతారనీ వాళ్ల భయం. అందుకే శాశ్వత సదుపాయం బదులు అప్పుడప్పుడు ఆమ్నెస్టీ.

కార్మిక సంఘాలవాళ్లు దీన్ని తలకిందులు చేసి అడుగుతారు: అకామా కట్టే అధికారం యజమాని చేతిలో పెట్టి, కట్టనప్పుడు శిక్ష పనివాడికి వేస్తే బాధ్యత యజమానిది ఎలా అవుతుంది? 1990 నాటి ఐక్యరాజ్యసమితి వలస కార్మికుల ఒప్పందంలో 28వ అధికరణం, నివాసం సక్రమమైనా కాకపోయినా అత్యవసర వైద్యం కాదనకూడదని చెబుతుంది. ఆ ఒప్పందాన్ని గల్ఫ్ దేశాలేవీ ఆమోదించలేదు. అమెరికా ఆమోదించలేదు. పనివాళ్లను పంపే ఇండియా కూడా ఆమోదించలేదు, ఈ మాట మన సభల్లో ఎవరూ ఎత్తరు.

మన దేశంలోనూ రెండు వాదనలున్నాయి. నియమాలు దాటి వెళ్లినవాళ్లను సులువుగా ఆదుకుంటే విజిట్ వీసా ఏజెంట్ల వ్యాపారం పెరుగుతుందనేది ఒకటి. దాన్ని కొట్టిపారేయలేం, "ఏమైనా అయితే ఎంబసీ చూసుకుంటుంది" అని చెప్పి పంపే ఏజెంట్లు ఉన్నారు. కానీ ఆ మాట నమ్మి అప్పు చేసి వెళ్లినవాడిని అక్కడే వదిలేస్తే ఏజెంట్‌కు పోయేదేమీ లేదు. నాకు ఈ రెండో వైపే బరువు ఎక్కువ అనిపిస్తుంది.

ఇంటికి చేరాక మిగిలేవి

చనిపోయి వచ్చినవాళ్ల సంగతి తీసుకుంటే, శవాన్ని పంపాలంటే మరణ ధ్రువపత్రం, పోలీసు రిపోర్టు, పాస్‌పోర్టు రద్దు, ఎంబసీ ఎన్‌ఓసీ, ఎంబామింగ్ కాగితం కావాలి. ఇవన్నీ చేయించి ఖర్చు భరించాల్సింది మామూలుగా కఫీల్. ఖల్లివెల్లికి ఆ కఫీల్ లేడు, ఉన్నా "పారిపోయాడని ఎప్పుడో రాసిచ్చాను" అంటాడు. కొన్నిసార్లు వారాలు పట్టేది ఇందుకే. తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబర్‌లో జీవో ఇచ్చి, 2023 డిసెంబర్ 7 తర్వాత గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ప్రకటించింది. శంషాబాద్ నుంచి ఊరికి ఉచిత అంబులెన్స్ ఏర్పాటు అంతకు ముందు నుంచే ఉంది.

బతికి వచ్చినవాడికి మిగిలేది జీతం బాకీ. మనిషి అక్రమ నివాసి అయినంత మాత్రాన, అంతకు ముందు చేసిన పనికి రావాల్సిన డబ్బు చట్టం దృష్టిలో మాయం కాదు. సౌదీలో ఉద్యోగం ముగిసిన 12 నెలల్లోపు లేబర్ కోర్టుకు వెళ్లాలి. యూఏఈలో ఆ గడువు 2024లో రెండేళ్లకు పెంచారు. అయితే ఫిర్యాదు పెట్టాలంటే మనిషి బయటపడాలి, బయటపడితే హురూబ్ ఉన్నవాడు దొరికిపోతాడు. దానికి భయపడి ఊరుకుంటే గడువు దాటుతుంది. మధ్యలో ఆమ్నెస్టీ వస్తుంది, విమానం తేదీ వస్తుంది. అప్పుడు చాలామంది ఎంచుకునేది విమానమే. వెళ్లేముందు అక్కడి లాయర్‌కో, ఎంబసీకో పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చి వస్తే కేసు బతికే ఉంటుంది. రాయకుండా వచ్చేస్తే, పద్దెనిమిది నెలల జీతం ఉన్న నోటు పుస్తకం ఒకటి సూట్‌కేస్‌లో ఉంటుంది, కఫీల్ సంతకం ఉండదు.